రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్తున్నాను. రెండేళ్ల పిల్లను వెంట తీసుకెళ్లాలా, ఇంట్లో వదలాలా?

గుణుపురం కోడలు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. పుట్టిల్లు సరిహద్దుకు ఇవతల, ఆంధ్రలో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. రైలు పర్లాకిమిడి దాటిందంటే సంచులు చేతిలోకి తీసుకోవాల్సిందే, అంత పక్కన. ఇప్పుడు నాకు ఆరో నెల. సంక్రాంతికి అటూ ఇటూగా కాన్పు అవుతుందని డాక్టరమ్మ చెప్పారు. పెద్దపిల్ల గౌరికి శ్రావణంలో రెండేళ్లు నిండాయి.

గౌరి ఆపరేషన్ చేస్తే పుట్టింది. అందుకని ఈసారి కూడా అన్ని వసతులూ ఉన్నచోటే పురుడు పోసుకోవాలన్నారు. మొదటి కాన్పు శ్రీకాకుళంలో అయింది, ఇప్పుడూ అక్కడే చూపించుకుంటున్నాను. నొప్పులు మొదలయ్యాక గుణుపురం నుంచి అంత దూరం పరుగెత్తడం అయ్యే పని కాదు కనుక నెల ముందే పాతపట్నం చేరాలని అనుకున్నాం. ఇంతవరకు రావడానికే ఇంట్లో పెద్ద పంచాయతీ అయింది. "తొలిచూలు పుట్టింట, మలిచూలు అత్తింట. ఇదెక్కడి విడ్డూరం?" అని అత్తయ్య. "మోకాళ్లు నొప్పులైతే మాత్రం నా కూతురికి పురుడు పోయలేనా?" అని మా అమ్మ. ఇద్దరి మధ్యా ఫోను పట్టుకుని నిలబడ్డది నేను. చివరకు డాక్టరమ్మ మాట విని అత్తయ్య మెత్తబడ్డారు గానీ ఒక షరతు పెట్టారు: "నువ్వు వెళ్లు, పిల్లను మాత్రం ఇక్కడే వదులు. రెండు రోజులు ఏడుస్తుంది, మూడో రోజు మరిచిపోతుంది."

ఆ మూడో రోజు సంగతే నాకు మింగుడు పడడం లేదు.

మా ఆయనను అడిగితే "నీకెలా వీలైతే అలా" అంటారు. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. మాకు బట్టల దుకాణం ఉంది. పండగ ముందు నెలంతా ఆయనకు అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు, అందులో అబద్ధం లేదు.

అసలు కష్టం రాత్రిపూట. దోమతెర దించాక గౌరి ముందుగా ఎవరి చోటు ఎవరిదో సరిచూసుకుంటుంది. గోడ పక్కన నేను, నా ఎడమవైపు తను, ఆ చివర వాళ్ల నాన్న. తర్వాత నా ఎడమ చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని నలపడం మొదలుపెడుతుంది. అలా నలుపుతూ ఉంటే గానీ కన్ను మూతపడదు. కమ్మ అడ్డం వస్తోందని లాగుతుంటే తీసి పెట్టెలో పెట్టేశాను. కుడి చెవి ఇస్తే ఒప్పుకోదు. ఒకటికి రెండుసార్లు తడిమి చూసి "ఇది కాదు" అంటుంది. ఇప్పుడేమో ఎడమవైపు తిరిగి పడుకోమని డాక్టరమ్మ చెప్పారు. ఎడమవైపు తిరిగితే ఎడమ చెవి దిండు కిందకు పోతుంది! పిల్ల చెయ్యి దిండు కిందకు దూర్చి వెతుకుతుంది, దొరకకపోతే లేచి కూర్చుని ఏడుపు. ఈ చెవి పిచ్చి పాలు మానిపించినప్పటి నుంచి ఎక్కువైంది. కడుపుతో ఉండగా పాలివ్వకూడదని అత్తయ్య నాలుగో నెలలో వేపాకు నూరి రాయించారు. మొదటి రోజు ఆ చేదుతోనే తాగేసింది మా తల్లి.

చుట్టుపక్కల వాళ్ల సంగతి చెప్పకపోతే సగం కథే చెప్పినట్టు. మా వీధిలో ఏ గడప దగ్గర ఆగినా గౌరికి ఒకటే ప్రశ్న: "అమ్మ కడుపులో తమ్ముడా, చెల్లా?" ఒకసారి "తమ్ముడు" అంటే ఎవరో మురిసిపోయి బిస్కట్టు ఇచ్చారు. అప్పటి నుంచి బిస్కట్టు కావాలన్నప్పుడల్లా "తమ్ముడు" అంటోంది. ఆ లెక్కన నాకు రోజుకు నలుగురు కొడుకులు పుట్టాలి. ఎదురింటి పిన్నిగారు ఇంకో అడుగు ముందుకేసి, "తమ్ముడొస్తే మీ అమ్మ ఇంక నిన్ను ఎత్తుకోదు" అని సరదాకు అన్నారు. ఆవిడ కనబడితే చాలు, గౌరి వచ్చి నా ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడుతోంది. ఎత్తుకోవాలి, పరీక్ష అన్నమాట.

పిల్లను వదిలి వెళ్తే వెళ్లే ముందు నెల, ఆసుపత్రి రోజులు, పురుడు గడిచేదాకా కలిపి రెండు నెలల పైమాటే. తీసుకెళ్తే అక్కడ అమ్మకు మోకాళ్లు, వదినకు బడికి వెళ్లే పిల్లలు. ఆపరేషన్ అయ్యాక నేను కళ్లెదురుగా ఉండి కూడా పిల్లను ఎత్తుకోలేకపోతే అది ఇంకా పెద్ద శిక్ష కాదా? మీరెవరైనా ఈ పరిస్థితిలో ఉంటే ఏం చేశారో చెప్పండి. "పిల్లలు సర్దుకుపోతారు" అని మాత్రం రాయకండి, అది ఇంట్లో కావలసినంత దొరుకుతోంది.

పర్లాకిమిడి మాస్టారమ్మ:

అమ్మా గుణుపురం కోడలా, నేను తెలుగు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరైన దాన్ని. నీ ప్రశ్నకు తల్లి వైపు నుంచి కాక పిల్ల వైపు నుంచి జవాబు చెబుతాను, ఎందుకంటే అలా వదిలి వెళ్లిన పిల్లను నేనే.

మా తమ్ముడి కాన్పుకు అమ్మ నన్ను కాశీబుగ్గలో మామ్మ దగ్గర ఉంచింది. నాకు అప్పటికి నాలుగేళ్లు దాటాయి కనుక కొంత గుర్తుంది. మామ్మ నన్ను బంగారంలా చూసుకుంది, ఆ లోటేమీ లేదు. కానీ నేను మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు అమ్మ పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. ఏడుపు చూడలేక అలా చేసిందని పెద్దయ్యాక తెలిసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో ఎవరు అటక మీద నుంచి పెట్టె దించినా నేను వెళ్లి దాని మీద కూర్చునేదాన్ని. మధ్యాహ్నం పడుకోమంటే పడుకునేదాన్ని కాదు. ఇది ఇంట్లో వాళ్లందరికీ నవ్వులాట.

రెండేళ్ల పిల్లకు రెండు నెలలంటే ఎంతో నువ్వే ఆలోచించు. నా సలహా తీసుకెళ్లమనే. "మరిచిపోతుంది" అని మీ అత్తగారు అన్నది నిజమే, ఏడుపు మరిచిపోతుంది. అయితే ఏడుపు ఆగినంత మాత్రాన బెంగ తీరినట్టు కాదు. మాట్లాడకుండా ఓ మూల ఆడుకునే పిల్లను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అంటాం. బడిలో అలాంటి బుద్ధిమంతులను చాలామందిని చూశాను.

తీసుకెళ్లేటప్పుడు నెల రోజుల ముందు కాదు, వీలైతే ఇంకో పది రోజులు ముందుగా వెళ్లు. నువ్వు లేచి తిరుగుతున్న రోజుల్లోనే పిల్ల అమ్మమ్మ చేతి అన్నానికి, ఆ ఇంటి నూతి దగ్గర స్నానానికి, మామయ్య గొంతుకూ అలవాటు పడాలి. నువ్వు ఆసుపత్రికి బయలుదేరేది అర్ధరాత్రి అయినా సరే, పిల్లను లేపి చెప్పి వెళ్లు. ఏడిస్తే ఏడవనీ.

ఇంకొకటి. ఎదురింటి పిన్నిగారి నోటికి తాళం వేయలేవు గానీ, ఆవిడ అన్న మాట నీ నోటి నుంచి మాత్రం రానివ్వకు. "తమ్ముడు ఉన్నాడు, ఎత్తుకోలేను" అనకు. "నడుము నొప్పిగా ఉంది, వచ్చి ఒళ్లో కూర్చో" అను. పుట్టని బిడ్డ మీద ఇప్పుడే నేరం మోపడం ఎందుకు?

బరంపురం నాన్న:

మాస్టారమ్మ గారి మాట కాదనను గానీ, ఈ చర్చలో ఒక మనిషి మరీ సుఖంగా తప్పించుకుంటున్నాడు. ఆయన బట్టల దుకాణంలో ఉన్నాడు.

చెల్లెమ్మా, మా రెండోవాడు పుట్టినప్పుడు మా ఆవిడ ఆసుపత్రిలో ఉంటే పెద్దవాడితో ఇంట్లో ఉన్నది నేనొక్కడినే. మా అమ్మ లేరు, వాళ్లమ్మ ఆసుపత్రిలో కూతురి దగ్గర. మీ గౌరికి చెవి అయితే మా వాడికి వాళ్లమ్మ గాజులు. ఒక్కొక్క గాజూ మణికట్టు నుంచి మోచేతి దాకా తోస్తూ నిద్రపోయేవాడు. నేను గాజులు తొడుక్కోలేను కదా! ఎనిమిదో నెల నుంచే పడుకోబెట్టే పని నేను తీసుకున్నాను. మొదటి కొన్ని రాత్రులు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. మా ఆవిడ పక్క గదిలో ఉంటే వాడికి తెలిసిపోతుంది, అందుకని పక్కింటికి వెళ్లి కూర్చునేది. వాడికి రైళ్లంటే ఇష్టం కనుక చీకట్లో స్టేషన్ల పేర్లు చెప్పేవాడిని. బరంపురంలో బయలుదేరాం, ఇచ్ఛాపురం వచ్చింది, సోంపేట వచ్చింది, బారువ, మందస... పలాస చేరేలోగా నిద్రపోయేవాడు. పలాస దాటిన రోజులు కూడా ఉన్నాయి, శ్రీకాకుళం రోడ్డు దాకా లాగిన రాత్రులున్నాయి. కానీ కాన్పు నాటికి గాజుల ఊసే లేదు.

అందరూ మంచిదనుకుని చేసే పని ఒకటుంది, వీడియో కాల్. సాయంత్రం పూట వాళ్లమ్మ ముఖం ఫోనులో చూపిస్తే అప్పటిదాకా బాగున్నవాడు ఫోను వెనక్కి తిప్పి అమ్మ ఎక్కడుందోనని వెతికేవాడు. తర్వాత రాత్రంతా జాగరణే. అదే పొద్దున్న టిఫిను తిన్నాక చూపిస్తే నాలుగు మాటలు చెప్పి ఆటకు పోయేవాడు. కాబట్టి చీకటి పడ్డాక ఫోను వద్దు.

పిల్లను పాతపట్నం తీసుకెళ్లండి. ఆసుపత్రిలో ఉండే ఆ కొద్ది రోజులు మాత్రం మీ ఆయన దుకాణం ఎవరికైనా అప్పగించి వచ్చి పిల్ల పక్కన పడుకోవాలి. ఇది ఆయనతో నేను చెప్పానని చెప్పండి. పండగ బేరం పోతుందంటే, మా ఊళ్లోనూ పట్టు చీరల దుకాణాలున్నాయి, యజమాని లేకపోయినా బేరాలు జరుగుతూనే ఉంటాయని ఆయనకు గుర్తు చేయండి.

సూదిమందు అక్క:

నేను రాయగడ జిల్లాలోనే ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో గర్భిణులను, పిల్లల టీకాలను చూసుకునే నర్సుగా పనిచేస్తున్నాను. మనసుకు సంబంధించిన మాటలు పెద్దవాళ్లు చెప్పారు, నేను ఒంటి సంగతులు చెబుతాను.

ముందు చెవి సమస్య. ఎడమవైపే పడుకోవాలనే కఠిన నియమం ఏమీ లేదమ్మా. ఏడో నెల వచ్చాక వెల్లకిలా పడుకుని నిద్రపోకూడదు, అదీ అసలు విషయం. ఏ పక్కకు తిరిగినా ఫరవాలేదు. మీ విషయంలో డాక్టరమ్మ ప్రత్యేకంగా ఏదైనా కారణం చెప్పి ఉంటే తప్ప, పిల్లను గోడ పక్కకు మార్చి మీరు మధ్యలోకి రండి. పిల్ల మీ కుడిపక్కన ఉంటుంది, మీరు కుడివైపు తిరుగుతారు, ఎడమ చెవి పైకే ఉంటుంది. దిండు ఒకటి మోకాళ్ల మధ్య పెట్టుకోండి. బిడ్డ పుట్టాక కూడా ఈ అమరికే పనికొస్తుంది. పసిబిడ్డను, రెండేళ్ల పిల్లను పక్కపక్కన ఎప్పుడూ పడుకోబెట్టకూడదు. నిద్రలో చెయ్యి వేస్తుంది, దుప్పటి లాగుతుంది. మధ్యలో పెద్దవాళ్లు ఉండాలి, పసిబిడ్డకు విడిగా గట్టి పరుపు ఉండాలి, ముఖం దగ్గర దిండ్లు, మెత్తలు ఉండకూడదు.

దోమతెర పాతపట్నంలో కూడా కట్టండి. మన రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల మలేరియా గురించి మీకు చెప్పనక్కరలేదు. కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. చలికాలం కదా, దోమలు తక్కువ అని వదిలేయకండి.

పాలు ఎలాగూ మానిపించారు కాబట్టి అది తిరగదోడను. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: గర్భం మామూలుగా ఉంటే పెద్దబిడ్డకు పాలు ఇవ్వవచ్చు. పాలు విషం కావు. ముందు నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లు, ఇప్పుడు రక్తం కనబడుతున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

ఎత్తుకోవడం కూడా అంతే. ఏ ఇబ్బందీ లేకపోతే ఇప్పుడు ఎత్తుకోవచ్చు, నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తుకోండి. ఆపరేషన్ అయితే దాదాపు ఆరు వారాలు పుట్టిన బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తకూడదు. అందుకని ఇప్పటి నుంచే మంచం పక్కన ఒక పీట వేసి పిల్లను తానే ఎక్కి మీ పక్కన కూర్చోవడం అలవాటు చేయండి. అప్పుడు మీరు ఎత్తుకోకపోయినా తను మీ దగ్గరకు రాగలదు. కుట్ల మీద కాలు పడకుండా పొట్ట మీద ఒక దిండు అడ్డం పెట్టుకోండి.

మీది పాత ఆపరేషన్ కాబట్టి కాన్పు అయ్యే చోట రక్తం, మత్తు డాక్టరు, ఆపరేషన్ గది రాత్రివేళ కూడా అందుబాటులో ఉండాలి. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, పాత కుట్టు దగ్గర ఆగకుండా నొప్పి వచ్చినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా పాతపట్నంలో కూర్చోకండి, శ్రీకాకుళం బయలుదేరండి. ధనుర్వాతం టీకా విషయంలో, గౌరి కాన్పుకు రెండు మోతాదులూ పూర్తిగా వేయించుకుని ఉంటే, మూడేళ్ల లోపే మళ్లీ గర్భం కనుక ఈసారి ఒక్క బూస్టర్ చాలు. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఒకేసారి మింగకండి, మధ్యలో వ్యవధి ఉండాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూస్తారు, అది ఒడిశాలోనూ ఉంది, ఆంధ్రలోనూ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే ఆపరేషనుకు, మందులకు, రక్తానికి డబ్బు కట్టనక్కరలేదు. ఆపరేషన్ అయినవాళ్లకు 7 రోజుల వరకు భోజనం కూడా ఇవ్వాలి. 2011 నుంచి దేశమంతా ఉన్న ఏర్పాటే ఇది, సరిహద్దు దాటినంత మాత్రాన పోదు.

కాగితాల సంగతి. మీ తల్లీబిడ్డల కార్డు, గౌరి టీకాల కార్డు రెండూ సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకోండి. గౌరికి రెండేళ్ల లోపు వేయాల్సిన డీపీటీ బూస్టర్, తట్టు-రుబెల్లా రెండో మోతాదు వేశారో లేదో ఇప్పుడే చూసుకోండి. విటమిన్ ఎ ఐదేళ్ల వరకు ఆరు నెలలకోసారి వేయించాలి. కొత్త బిడ్డకు పుట్టగానే వేసే టీకాలు ఆసుపత్రిలోనే వేస్తారు. తర్వాతివి 6, 10, 14 వారాలకు, ఆ రోజు మీరు ఎక్కడుంటే అక్కడే వేయించండి, రెండు వైపులా అవే టీకాలు. జనన నమోదు బిడ్డ పుట్టిన చోటే జరుగుతుంది, 21 రోజుల లోపు అయితే రుసుము లేదు. మీరు గుణుపురంలో ఉంటున్నా జనన ధ్రువపత్రం ఆంధ్రది వస్తుంది, కంగారు పడకండి. తల్లికి ఇచ్చే డబ్బుల గురించి వెళ్లే ముందే మీ అంగన్‌వాడీ దీదీతో మాట్లాడి, ఎక్కడ కాన్పు అవుతుందో చెప్పి వెళ్లండి. వచ్చాక చెప్తే ఆమెకూ తలనొప్పి, మీకూ తలనొప్పి.

మీ వీధిలో "తమ్ముడు" అన్నందుకు బిస్కట్టు ఇస్తున్నారు గదా. కేంద్రం మాతృవందన పథకంలో రెండో కాన్పుకు 6,000 రూపాయలు ఇచ్చేది అర్హత ఉండి, ఆడపిల్ల పుడితేనే. ఆ మాట ఎదురింటి పిన్నిగారికి చెప్పండి.

ప్రాణహిత ఒడ్డు నుంచి:

అక్కా, మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ. జిల్లా కేంద్రం మాకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు. గోదావరి దాటితే తెలంగాణలోని కాళేశ్వరం, ఇంకాస్త ముందుకు వెళ్తే మహదేవపూర్‌లో మా పుట్టిల్లు. కాబట్టి సరిహద్దు దాటి కాన్పులంటే మా ఊళ్లో వింతేమీ కాదు. వంతెన లేనప్పుడు నిండు చూలాలిని పడవలో దాటించేవాళ్లట, మా అత్తమ్మ చెబుతుంది.

నేను మా బాబును వెంట తీసుకెళ్లాను. అక్కడ ఉన్నన్ని రోజులు బాగానే గడిచింది. తిరిగి వచ్చాక మొదలైంది తంటా. తాతయ్య దగ్గర అడిగిందల్లా దొరికింది, పొద్దున మాట సాయంత్రానికి లేదు. ఇక్కడికి వచ్చాక నాన్న పెట్టిన అన్నం తినడు, పొద్దుగూకితే చాలు "మన ఇంటికి పోదాం" అని చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. కాబట్టి అందరూ వెళ్లడం గురించే చెబుతున్నారు, రావడం గురించి కూడా ఆలోచించు. వీలుంటే మీ అత్తగారు అక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉండి, మీతో పాటే తిరిగి వస్తే పిల్లకు రెండు ఇళ్లూ కలిసినట్టు ఉంటుంది. ఇద్దరు వియ్యపురాళ్లు ఒక వంటింట్లో ఎలా ఉంటారన్నది నేను చెప్పలేను.

పెద్దపిల్ల మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు చిన్నబిడ్డ నీ ఒళ్లో ఉండకుండా చూసుకో, ఉయ్యాలలోనో అమ్మమ్మ చేతిలోనో ఉండనీ. ముందు గౌరి వచ్చి నీ పక్కన కూర్చుంటుంది, చెవి పట్టుకుంటుంది. బిడ్డను చూడాలని తనకు అనిపించినప్పుడు చూస్తుంది. "చెల్లి నీకోసం బొమ్మ తెచ్చింది" అని అబద్ధం చెప్పమని మాకు చాలామంది చెప్పారు. మేము చెప్పలేదు. మా వాడు గట్టివాడు, ఏ దుకాణంలో కొన్నదని అడిగేవాడు.

గుణుపురం కోడలు:

అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. ఈ పది రోజుల్లో జరిగింది రాస్తాను.

సూదిమందు అక్క చెప్పినట్టు డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాను. కుడివైపు తిరిగినా ఫరవాలేదన్నారు. ఆ రాత్రే చోట్లు మార్చాం. గోడ పక్కకు వెళ్లమంటే గౌరి పెద్ద గొడవే చేసింది. చివరకు గోడ మీది బల్లి పనికొచ్చింది, "ఇక్కడ పడుకుంటే బల్లి బాగా కనబడుతుంది" అని వాళ్ల నాన్న అనగానే అటు దూకింది. చెవి దొరికింది, నాకు నడుము నొప్పి తగ్గింది, బల్లి రోజూ వస్తే చాలు.

బరంపురం అన్నయ్యగారి జవాబు మా ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. మొదట ముఖం ముడుచుకున్నారు. "ఆయనది గవర్నమెంటు ఉద్యోగం అయ్యుంటుంది" అన్నారు. మర్నాడు దుకాణం మూసి వచ్చాక "నేను పడుకోబెడతాను, నువ్వు అవతలకు వెళ్లు" అన్నారు. మాకు రైళ్లు లేవు, ఉన్నది బల్లి. రాత్రంతా ఆ బల్లి గుణుపురం నుంచి రాయగడ దాకా నడుస్తోందట, దారిలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆగి పులిహోర తింటుందట. నేను వరండాలో కూర్చుని వింటున్నాను. రెండుసార్లు "అమ్మ చెవి" అని ఏడ్చింది, తర్వాత "బల్లి ఇంకా ఏం తింది?" అని అడిగింది. ఆసుపత్రి రోజుల్లో వస్తానని కూడా ఒప్పుకున్నారు. బావమరిదిని దుకాణంలో కూర్చోబెడతారట. సంక్రాంతి ముందు రోజు అయితే మాత్రం ఏమంటారో చూడాలి.

గౌరి నాతోనే వస్తోంది. అత్తయ్యకు నేను చెప్పలేదు, మాస్టారమ్మ గారి పెట్టె కథ చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడకుండా చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. తర్వాత "మరి భోగినాడు పిల్లకు భోగిపళ్లు ఎవరు పోస్తారు? మీ అమ్మ వంగలేదు కదా" అన్నారు. అంటే తనే పాతపట్నం వస్తానని అర్థం. వియ్యపురాళ్లిద్దరూ ఒక వంటింట్లో ఉండే సంగతి సిరోంచ చెల్లి అడిగింది. మా అమ్మకు చెబితే "రానీ, బాలింతకు పెట్టే కాయం నూరడానికి నాకూ ఒక చెయ్యి కావాలి" అంది. ఎవరి కాయంలో మిరియాలు ఎన్ని అనే దగ్గర మొదలవుతుందని నా అంచనా.

పిన్నిగారికి 6,000 రూపాయల సంగతి చెప్పాను. "అయితే చెల్లే పుట్టనీ" అని గౌరికి బిస్కట్టు ఇచ్చారు. పిల్ల ఇప్పుడు రెండు మాటలూ అంటోంది.

పర్లాకిమిడి మాస్టారమ్మ:

సంతోషం అమ్మా. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. భోగికి ముందు రేగుపళ్లు బజారులో దొరకవు, దొరికినా అన్నీ పుచ్చులే. మా పెరట్లో చెట్టు ఉంది, ఈసారి బాగా కాసింది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటో వాళ్లు రోజూ తిరుగుతారు, ఎవరి చేతికైనా ఇచ్చి పంపిస్తాను. చిల్లర నాణేలు, చెరకు ముక్కలు మీరు చూసుకోండి.